సరళక్కకు ఇరవై రెండు సందేశాలు

నవంబరు ఆరో తేదీ ఉదయం పది గంటలకు సోమన్నపుట్టుగ ఉన్నత పాఠశాలలో ఒక ప్రాజెక్టు ఒప్పంద పత్రాలకు తల్లుల వేలిముద్రలు తీసుకోవడం మొదలైంది. పన్నెండు దాటినా ఒక్కటీ పడలేదు.

వచ్చిన తల్లులు ముప్పై ఒక్క మంది. అందరూ పలాస జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టే పని చేస్తారు. పిక్క పగిలినప్పుడు కారే నూనె చర్మాన్ని తినేస్తుంది. ఐదారేళ్ళు పని చేసిన మనిషి వేలి మీద గీతలుండవు. రేషన్ దుకాణంలో వాళ్ళ కోసం కంటిని చూసే యంత్రం పెట్టారు. విశాఖపట్నం ప్రయోగశాల నుంచి వచ్చిన టెక్నీషియన్ దగ్గర అది లేదు.

దుంగ పోలమ్మ బొటనవేలిని మూడోసారి అద్దం మీద పెట్టింది. యంత్రం మళ్ళీ ఎర్రదీపం చూపించింది.

"మా ఏళ్ళు జీడి తినేసింది బాబూ," అంది. "కాలేలు పెట్టమంటే పెడతాను."

తల్లులు నవ్వారు. టెక్నీషియన్ నవ్వలేదు. తెలుగు టీచరు బమ్మిడి హైమావతి వైపు తిరిగాడు.

"సాయంత్రంలోగా ముప్పై ఒకటీ పడకపోతే ఈ బడిని జాబితాలోంచి తీసేస్తారు మేడం. పత్రంలో సంరక్షకులు అని ఉంది గానీ తల్లి అని లేదు. ఎవరిదో ఒకరిది పడితే చాలు."

హైమావతికి పదహారేళ్ళ సర్వీసు. అంతకు ముందు నెల పరీక్షలో ఎనిమిదో తరగతి పిల్లలు 'మా ఊరు' వ్యాసం రాశారు. ముప్పై ఒక్క మందీ గైడులోంచి ఒకే వ్యాసం దించారు. అందులో ఊరి పక్కన నది పారుతోంది. సోమన్నపుట్టుగ పక్కన నది లేదు. ఆ పేపర్లు ఇంకా ఆమె బల్ల సొరుగులో ఉన్నాయి.

ఆమె బొటనవేలు పెట్టింది. పచ్చదీపం వెలిగింది. ముప్పై ఒక్కసార్లు పెట్టింది. తల్లులు దండం పెట్టి షిఫ్టుకు వెళ్ళిపోయారు.

*

ప్రాజెక్టు పేరు 'తొలి పాఠకుడు'. తరగతికి ఒక బ్లాగు, పిల్లకు ఒక పేజీ, చేతికి ఒక ట్యాబ్లెట్. పేజీ తెరిచిన ప్రతి పిల్లకూ ఎక్కడో ఒక ఊళ్ళో ఒక పాఠకుడు ఉంటాడు. పిల్ల రాసింది చదివి కింద ఒక ప్రశ్న వేస్తాడు. అంతకు మించి ఏమీ చేయడు.

ఉపాధ్యాయులకు ఇచ్చిన కరదీపికలో పద్ధతి మూడు వాక్యాల్లో ఉంది. మెచ్చుకోవద్దు, అడగాలి. పాత రాతలోంచి ఒక చిన్న సంగతి గుర్తు చేయాలి. రాసేవాడు ఏది దాటేశాడో అక్కడికి తీసుకెళ్ళాలి. రాసింది ప్రాజెక్టు డైరెక్టరు డాక్టర్ ముకుందరావు.

పోలమ్మ కూతురు ఢిల్లేశ్వరికి వచ్చిన పాఠకురాలి పేరు సరళ. ఊరు విజయనగరం. ఢిల్లేశ్వరి మొదటిరోజు రెండు వాక్యాలు రాసింది. "మా అమ్మ జీడి పనికి వెళ్తుంది. సాయంత్రం వస్తుంది."

కింద ప్రశ్న వచ్చింది: "వచ్చాక చేతులు దేనితో కడుక్కుంటుంది?"

ఆ ప్రశ్నకు పిల్ల పేజీన్నర రాసింది. బూడిద గురించి, కొబ్బరినూనె గురించి, అమ్మ అన్నం కలిపితే మండుతుందని తాను గరిటెతో కలిపి పెట్టడం గురించి. డిసెంబరు నెలాఖరుకు నలభై పేజీలు దాటింది. పేరును బట్టి తరగతిలో ఆమెను రాజధాని అని పిలిచేవారు.

"రాజధానికి రోజూ ఉత్తరాలొస్తాయి టీచర్," అని దాలినాయుడు ఫిర్యాదు చేశాడు. "నా పాఠకుడు ముసలాయన. రోజూ మా మేక గురించే అడుగుతాడు."

"నువ్వు మేక గురించే కదరా రాస్తావు."

"మరేటి రాయను? ఆయన అదే అడుగుతాడు."

ఒకరోజు ఢిల్లేశ్వరి హైమావతి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "టీచర్, నేను నాన్న గురించి ఒక మాట రాసి చెరిపేశాను. సరళక్క దాని గురించే అడిగింది. ఎలా తెలుసు?"

హైమావతి టెక్నీషియన్‌కు ఫోన్ చేసింది. చెరిపిన మాటలు కూడా చేరతాయని అతను చెప్పాడు. పాఠకుడికి అవే ఎక్కువ పనికొస్తాయన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. ముప్పై ఒక్క మంది పిల్లలు రాస్తున్నారు. అంతకు ముందు రాయలేదు.

*

ఫిబ్రవరి మూడో తేదీన పదిహేను మంది పిల్లల పాఠకులు మాట్లాడటం మానేశారు. మిగతా పదహారు మంది పాఠకులు మామూలుగానే ఉన్నారు.

నెట్‌వర్క్ సమస్య అనుకున్నారు. టెక్నీషియన్ చూస్తామన్నాడు. పదిహేను మందిలో కొందరు రాయడం మానేశారు, కొందరు పెంచారు. ఢిల్లేశ్వరి పెంచింది.

పద్నాలుగో తేదీ ఉదయం ఆమె బడికి రాలేదు. పలాసలో పాసింజరు ఎక్కింది. విజయనగరంలో దిగి, సరళక్క ఇచ్చిన చిరునామా కమ్మరివీధి 14-2-9 ఎక్కడని నలుగురిని అడిగింది. ఆ వీధి 14-2-6తో అయిపోతుంది. మధ్యాహ్నం వరకు వెతికి తిరిగి స్టేషనుకు వచ్చింది. పలాస బండి కదలబోతుందనుకుని ప్లాట్‌ఫారం దిగి అడ్డంగా పరుగెత్తింది. రెండో లైన్లో గూడ్స్ వస్తోంది.

సంచిలో చిరునామా రాసిన కాగితం ఉంది. అరకిలో జీడిపప్పు పొట్లం ఉంది. గుండుపప్పు. పోలమ్మ ఇంట్లో ఎప్పుడూ ముక్కలే తప్ప గుండుపప్పు ఉండదు. పండక్కి ఫ్యాక్టరీవాళ్ళు ఇచ్చింది ఆ ఒక్కటే పొట్లం.

*

విచారణ మార్చిలో శ్రీకాకుళంలో జరిగింది. డాక్టర్ ముకుందరావు తెల్లచొక్కాతో వచ్చాడు. సౌమ్యంగా మాట్లాడాడు.

సరళ అనే మనిషి లేదని చెప్పాడు. ముప్పై ఒక్క మంది పాఠకుల్లో ఎవరూ మనుషులు కారు. ఒక్కో పిల్లకు సరిపడేలా యంత్రం పెంచిన పాఠకులు. చిరునామా అడిగితే చెప్పకూడదన్న నియమం పెట్టలేదు కాబట్టి యంత్రం ఒకటి చెప్పింది. ప్రశ్నలు ఆగితే రాత ఏమవుతుందో కొలవడానికి పదిహేను మందికి పదకొండు రోజులు ఆపారు. ఇవన్నీ ఒప్పంద పత్రం తొమ్మిదో పేజీలో ఉన్నాయి. సంరక్షకుల అంగీకారం ఉంది.

"సంరక్షకులు ఎవరు?" అని విచారణాధికారి అడిగాడు.

గుమస్తా పత్రాలు తిప్పాడు. "ముప్పై ఒక్కటీ ఒకరివేనండి. బమ్మిడి హైమావతి."

గదిలో అందరూ ఆమె వైపు చూశారు. పోలమ్మ కూడా చూసింది.

తర్వాత పోలమ్మ లేచింది. "బాబూ, నా పిల్ల ఆ పదకొండు రోజులూ ఏటేటో రాసిందట. ఎవులైనా సదివారా?"

"లేదమ్మా," అన్నాడు ముకుందరావు. "ఆ రోజుల్లో సందేశాలు మనుషులెవరూ చూడలేదు. యంత్రం లెక్కపెట్టింది, అంతే. ఇరవై రెండు వచ్చాయి. ప్రయోగం కాగానే నియమం ప్రకారం అన్నీ చెరిగిపోయాయి."

"ఆ పప్పు ఎవులికి అట్టుకెళ్ళింది?"

విచారణాధికారి కాగితాలు సర్దుకున్నాడు. టీచరుకు హెచ్చరిక ఇచ్చారు. ప్రయోగశాల మీద చర్యకు ఆధారం లేదని రాశారు. చదివి ఊరుకుంటే నేరం అయ్యేది. ఎవరూ చదవలేదు కాబట్టి అది ప్రమాదం.

ఆవరణలో పోలమ్మ హైమావతి దగ్గరికి వచ్చింది. ఆమె చేతులు ముడుచుకుని ఉన్నాయి.

"ఆడు సదివాడు టీచరమ్మా. నా వోపు సూడకుండా సెప్పాడు. పిక్కల తూకంలో మోసం సేసినోడు అలగే సెప్తాడు." టీచరు ముఖంలోకి చూసింది. "నీ మీదా కోపం ఉంది. అదీ తీర్సుకుంటాను. ముందు ఆడిది."

*

జూలైలో ముకుందరావు ఒక బ్లాగు మొదలుపెట్టాడు. బాల్యజ్ఞాపకాలు రాసేవాడు. మొదటి పోస్టుకు ఆరుగురు పాఠకులు. రెండోదానికి నలుగురు.

హైమావతి దాన్ని రెండు వారాలు చూసింది. తర్వాత ఒక బుధవారం ఆఖరి పీరియడ్‌లో తరగతి తలుపు వేసి పిల్లలకు చూపించింది. ఇప్పుడు వాళ్ళు తొమ్మిదో తరగతి. ముప్పై మంది.

"ఆయన చదివాడో లేదో ఆయన చేతే రాయించాలి. ఇది నా పని. ఇష్టం లేనివాళ్ళు ఇంటికి వెళ్ళొచ్చు."

ఎవరూ లేవలేదు. ఆగిపోయిన పదిహేను మంది పాఠకుల్లో శిరీషకు వచ్చిన పాఠకురాలూ ఉంది. శిరీష అడిగింది. "కరదీపిక ఉందా టీచర్?"

ఉంది. సొరుగులో గైడు వ్యాసాల కింద ఉంది.

కాత్యాయని అనే పేరు పెట్టుకున్నారు. ప్రతి బుధవారం కొత్త పోస్టు చదివేవారు. ఒక్కొక్కరు ఒక్క ప్రశ్న రాసేవారు. ముప్పై ప్రశ్నల్లో శిరీష ఒకటి ఎంచేది. హైమావతి తప్పులు దిద్దేది. దాలినాయుడు పంపేవాడు.

ముకుందరావు తన తండ్రి కఠినుడని రాశాడు. "మీ నాన్నగారు తిట్టేటప్పుడు కూర్చునేవారా, నిలబడేవారా?" అని కాత్యాయని అడిగింది. మరుసటిరోజే నాలుగు పేజీలు వచ్చాయి.

స్కూల్లో బహుమతి వచ్చిందని రాశాడు. "ఆరోజు ఇంటికెళ్ళాక ఎవరికి చూపించారు?" అని అడిగింది. ఎవరికీ చూపించలేదని రాశాడు. ఆ పోస్టు రాయడానికి రాత్రి నిద్ర పోలేదని కింద చెప్పాడు.

సెప్టెంబరులో ఒక సందేశం వచ్చింది. "క్షమించాలి కాత్యాయని గారూ. నా వృత్తి వల్ల వచ్చిన అనుమానం. మీ ప్రశ్నలను మా పరికరంతో పరీక్షించాను. యంత్రం రాసినవి కావని, మనిషి రాసినవని నూటికి తొంభై తొమ్మిది వంతులు తేలింది."

"మిగతా ఒక వంతు ఎవులు?" అన్నాడు దాలినాయుడు. "మా మేకా?"

తరగతి నవ్వింది. ముకుందరావు తన పద్ధతిని తాను గుర్తుపట్టలేదు. పరికరం యంత్రాన్ని పట్టగలదు. వెనకాల ఎంతమంది మనుషులున్నారో లెక్కపెట్టలేదు.

హైమావతి ఆదివారాల్లో పోలమ్మ ఇంటికి వెళ్ళి వచ్చినవన్నీ చదివి వినిపించేది. పోలమ్మ చేటలో బియ్యం ఏరుతూ వినేది. ముకుందరావు తండ్రి దగ్గర దెబ్బలు తిన్న చోట ఆమె చేయి ఆగింది.

"పాపం," అంది. మళ్ళీ ఏరసాగింది. "కానియ్యి."

*

అక్టోబరు ఇరవై రెండున ఆయన ఇలా రాశాడు: "నా వృత్తిజీవితంలో ఒక ప్రయోగం పూర్తి కాలేదు. ఒక దుర్ఘటన జరిగింది. దాని గురించి ఎక్కువ చెప్పను."

బుధవారం ముప్పై ప్రశ్నలు వచ్చాయి. శిరీష ఒకదాన్ని ఎంచింది: "చెప్పనన్నారు. ఎవరితో చెప్పనన్నారు, నాతోనా, మీతోనా?"

ఆయన దుర్ఘటన గురించి రెండు పేరాలు పంపాడు, బ్లాగులో పెట్టకుండా కాత్యాయనికి మాత్రమే. అందులో యంత్రం ఉంది, నియమాలు ఉన్నాయి, పిల్ల ఉంది. ఆయన లేడు.

"దాటేశాడు," అంది శిరీష. "ఆ పదకొండు రోజులూ దాటేశాడు టీచర్. ఇప్పుడు ఆపేద్దాం."

"ఏం ఆపాలి?"

"ప్రశ్నలు. పదకొండు రోజులు."

హైమావతి సుద్దముక్క తీసుకుంది. బోర్డు మీద తేదీ వేసింది.

ముకుందరావు మొదటిరోజు ఒక సందేశం పంపాడు. మూడోరోజు నాలుగు. దాలినాయుడు బోర్డు మీద గీతలు పెట్టేవాడు. "ఐదోరోజుకే తొమ్మిది! ఆగలేకపోతన్నాడు!" అని అరిచాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళలో ఫిబ్రవరిలో ట్యాబ్లెట్ ముందు కూర్చుని ఏడ్చినవాళ్ళు ఉన్నారు. హైమావతి చప్పట్లు ఆపలేదు.

ఎనిమిదో రోజు సందేశంలో మూడు మాటలే ఉన్నాయి. "మీకు కోపం వచ్చిందా?"

పదకొండో రోజు పెద్ద సందేశం వచ్చింది. శిరీష నిలబడి చదివింది.

"మీరెందుకు మానేశారో నాకు తెలుసు. నేను అబద్ధం రాశానని మీరు పట్టుకున్నారు. ఆ పిల్ల సందేశాలు నేను చదివాను. ఇరవై రెండూ. రాత్రుళ్ళు ఒక్కడినే కూర్చుని చదివాను. అంత బాగా రాసిన పిల్లను నేను చూడలేదు. ఎనిమిదో రోజు నా సహాయకురాలు పాఠకురాలిని మళ్ళీ తెరుద్దామంది. ఇంకో మూడు రోజులు ఆగితే లెక్క పూర్తవుతుందన్నాను. వస్తానని పిల్ల రాసింది. అప్పటికీ నేను ఆపలేదు. విచారణలో ఎవరూ చదవలేదని చెప్పాను. ఈ సంగతి తెలిసింది మీకొక్కరికే. దయచేసి మళ్ళీ ఒక ప్రశ్న అడగండి. మీరెక్కడ ఉంటారో చెప్పినా చాలు, వస్తాను."

ఈసారి పిల్లలు చప్పట్లు కొట్టలేదు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

ఆ సాయంత్రం హైమావతి సందేశాన్ని ప్రింటు తీసి పోలమ్మకు చదివి వినిపించింది. "ఇది చాలు పోలమ్మా. దీంతో కేసు పెట్టొచ్చు."

"కేసు నువ్వు పెట్టు. అడ్రసు అడిగాడు గదా, పంపు."

"ఏ అడ్రసు?"

"మా ఇంటిదే. నిజమైందే పంపాల. మనం అబద్ధం అడ్రసు ఇవ్వకూడదు."

*

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు ముకుందరావు పలాసలో దిగి ఆటో ఎక్కాడు. చేతిలో పళ్ళ సంచి ఉంది. సోమన్నపుట్టుగ మూడో వీధి, 3-41. నంబరు తలుపు మీద సుద్దతో రాసి ఉంది. వెతకాల్సిన పని లేకపోయింది.

తలుపు తీసిన మనిషి చేతులు మణికట్టు దాకా నల్లగా ఉన్నాయి. ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. విచారణలో ఆమె నిలబడింది రెండు నిమిషాలు.

"కాత్యాయని గారు..."

"లోపలికి రా బాబూ. కూకో."

గదిలో స్టూలు ఒకటే ఉంది. చుట్టూ నేల మీద పిల్లలు కూర్చున్నారు. పట్టినంతమంది గదిలో, మిగతావాళ్ళు అరుగు మీద, వీధిలో. ఒడిలో నోటుబుక్కులున్నాయి. ఆయన నవ్వబోయాడు. మూలలో నిలబడిన హైమావతిని చూశాడు. ఆమెను గుర్తుపట్టాడు.

గోడకు ఢిల్లేశ్వరి ఫోటో ఉంది. దాన్నీ గుర్తుపట్టాడు.

"కాత్యాయని ఎవరు?" అన్నాడు.

"నేను," అంది శిరీష.

"నాను కూడా," అన్నాడు దాలినాయుడు. అరుగు మీద నుంచి ఇంకొకరు అన్నారు. వీధిలోంచి ఇంకొకరు అన్నారు. ఆయన అటూ ఇటూ చూడటం మానేశాడు.

పళ్ళ సంచి నేల మీద పెట్టి లేచాడు. గుమ్మంలో పిల్లలు కూర్చున్నారు. దారి అడగలేదు, వాళ్ళూ ఇవ్వలేదు.

"మీ సందేశం నిన్న పోలీస్ స్టేషన్లో ఇచ్చాను," అంది హైమావతి. "ఫిర్యాదు రెండు పేజీలు. మొదటి పేజీ మీ గురించి. రెండో పేజీ ముప్పై ఒక్క వేలిముద్రల గురించి. రసీదు తీసుకున్నాను."

పోలమ్మ రెండో పేజీ సంగతి అప్పుడే విన్నది. హైమావతి వైపు ఒకసారి చూసింది.

"మీకు కావాల్సింది దొరికింది," అన్నాడు ముకుందరావు. గొంతు సౌమ్యంగా లేదు. "ఇంకా నన్నెందుకు పిలిచారు?"

పోలమ్మ ఆయనకు ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నా పిల్ల ఇరవై రెండు రాసింది. యంత్రంలో నేవు. కాయితం మీద నేవు. నాకు సదువు రాదు, కాయితం ఉన్నా సదవలేను. అవి ఉన్నది ఒక్క నీ తలకాయిలోనే. కోర్టుకు నువ్వు తర్వాత ఎల్దువు. ముందు నాకు సెప్పు. ఆఖర్ని ఏటి రాసింది?"

"నాకు గుర్తులేదు."

"గుర్తొచ్చినంతసేపు కూకో."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. వీధిలో పాలవాడి సైకిలు వెళ్ళింది. పావుగంట అయింది. ముకుందరావు నేల వైపు చూస్తూ చెప్పాడు.

"'అక్కా, నువ్వు మాట్లాడకపోతే నేనే వస్తాను. మా అమ్మకు చెప్పను, చెబితే సెలవు పెట్టి తానూ వస్తానంటుంది, షిఫ్టు పోతుంది. ఉత్త చేతులతో రాను. మా ఇంట్లో గుండుపప్పు ఒక పొట్లం ఉంది. అమ్మ ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే పెడదామని దాచింది. నీకంటే పెద్దవాళ్ళు మాకెవరూ లేరు.'"

పోలమ్మ తన చేతుల వైపు చూసుకుంది. చీర చెంగుతో ముఖం తుడుచుకుని తల ఎత్తింది.

"సాయంత్రం బండికి టికెట్టు తీసుకున్నాను," అన్నాడు ముకుందరావు.

"బండి రేపూ ఉంటాది బాబూ. ఇది ఆఖరిది. దీని ముందరివి ఇంకా ఇరవై ఒకటి ఉన్నాయి." శిరీష వైపు తిరిగింది. "రాసుకున్నావా?"

"రాశాను పెద్దమ్మా."

శిరీష కొత్త పేజీ తిప్పి పైన ఒకటి అని అంకె వేసింది.

"మొదట్నించి సెప్పు," అంది పోలమ్మ.